తాతగారి క్షౌరకత్తికి కొత్త కర్రపిడి

చేతిపని: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో నాలుగు ఒకే వస్తువును గురించినవి. నాలుగూ ఒడిశా సరిహద్దు జిల్లాలలోని తెలుగు పాఠకులు రాసినవే. అందుకని వాటిని కలిపి ఇస్తున్నాను. మొదటి ఉత్తరానికి జవాబు పొడవుగా సాగింది. మిగతా మూడింటికి కావలసిన పని వివరాలు చాలావరకు అందులోనే ఉన్నాయి.

ప్రశ్న (గుణుపురం నుంచి ఒక పాఠకుడు): మా తాతగారు గుణుపురంలోనూ, వంశధార ఒడ్డున ఉన్న పల్లెలలోనూ ఇంటింటికీ వెళ్లి క్షవరం చేసేవారు. ఆయన పోయిన తరువాత అటక మీద పెట్టిన పొది, ఈ మధ్య ఇల్లు బాగు చేయిస్తుండగా బయటపడింది. అందులో మడిచే కత్తి ఒకటి ఉంది. తోక మీద, అంటే అలుగుకు వెనక మేకు దూరే భాగం మీద, షెఫీల్డ్, ఇంగ్లండ్ అనే అక్షరాలు ఉన్నాయి. అలుగు మీద కొన్నిచోట్ల ఎర్ర తుప్పు, కొన్నిచోట్ల నల్ల మచ్చలు కనిపిస్తున్నాయి. నల్లటి పిడి చెక్కలలో ఒకటి నిలువునా చీలింది, రెండోదానికి మేకు దగ్గర ముక్క ఊడిపోయింది. దీనిని బాగుచేసి, మన ప్రాంతపు కర్రతో నా చేతులతోనే పిడి కట్టి మా నాన్నగారికి ఇవ్వాలని ఉంది. వడ్రంగం కొంత వచ్చు. ఎక్కడ మొదలుపెట్టాలి, ఏ కర్ర వాడాలి? తుప్పు పోవడానికి సానచక్రం మీద పెట్టించవచ్చునా?

జవాబు: చివర అడిగినదానికి ముందు జవాబు చెబుతాను, ఎందుకంటే అక్కడ తొందరపడితే మిగిలిన ప్రశ్నలతో పనే ఉండదు. ఈ కత్తిని సానచక్రం మీద పెట్టించకండి. క్షౌరకత్తి అంచు చాలా పలుచన. తిరిగే చక్రం తగిలిన మరుక్షణమే అక్కడ వేడి పుంజుకుంటుంది. కాల్చి చల్లార్చి గట్టిపరచిన ఉక్కు 300 డిగ్రీల సెల్సియస్ దరిదాపుకు చేరి నీలిరంగు తిరిగిందంటే, పదును నిలుపుకునే గుణం పోయినట్టే. పైకి కత్తి తళతళలాడుతూనే ఉంటుంది కానీ గడ్డం మీద పెట్టగానే అంచు మడతపడుతుంది. దానిని మళ్లీ గట్టిపరచడం ఇంట్లో జరిగే పని కాదు. ఇదే కారణం చేత పొయ్యి మీద కాచడం, డ్రిల్లు మిషనుకు ఇనుప బ్రష్షు తగిలించి రుద్దడం కూడా వద్దు. ఈ పనిలో నేను పట్టుబట్టేది ఒక్కటే: ఉక్కును ఎంత తక్కువగా అరగదీస్తే అంత మంచిది, మీ శ్రమంతా కర్ర మీద పెట్టండి. చెక్క చెడితే ఇంకో ముక్క కోసుకోవచ్చు, అలుగు విషయంలో ఆ వెసులుబాటు లేదు.

తోక మీది అక్షరాలను జాగ్రత్తగా కాపాడండి, అవి కత్తి వయసును కొంతవరకు చెబుతాయి. షెఫీల్డ్ ఇంగ్లండులో కత్తుల తయారీకి పేరుపడ్డ ఊరు. మూసలో ఉక్కును పూర్తిగా కరిగించి పోత పోసే పద్ధతిని బెంజమిన్ హంట్స్‌మన్ 1740లలో రూపొందించాడు. లోపల మలినాలు, పొరలు లేని ఆ ఉక్కే షెఫీల్డ్ కత్తులకు అంతటి పేరు తెచ్చింది. దిగుమతి సరుకు మీద తయారైన దేశం పేరు ఉండాలని అమెరికా 1890లో చేసిన సుంకాల చట్టం మరుసటి సంవత్సరం నుంచి అమలైంది. అప్పటి నుంచి ఇంగ్లండు కంపెనీలు ఊరి పేరు పక్కన దేశం పేరు కూడా చెక్కడం సాధారణమయింది. కాబట్టి ‘ఇంగ్లండ్’ అని ఉన్న మీ కత్తి చాలావరకు 1891 తరువాతిదే అయి ఉండాలి. గరుకు కాగితంతో రెండు నిమిషాలు రుద్దితే ఈ ఆధారమంతా చెరిగిపోతుంది. తోకను నూనె గుడ్డతో తుడవడంతో సరిపెట్టండి.

పనికి దిగే ముందు ఈ అలుగు గడ్డం గీయడానికి ఇంకా పనికివస్తుందా లేదా అన్నది తేల్చుకోవాలి. పగుళ్లు చూడడానికి పాత పద్ధతి ఒకటి ఉంది. అలుగును కిరసనాయిలులో కాసేపు ఉంచి, పొడిగుడ్డతో శుభ్రంగా తుడిచి, మెత్తగా నూరిన సుద్ద పల్చగా పూయండి. పగులు ఉంటే అందులో దాగిన నూనె సుద్దలోకి ఊరి సన్నని చారగా కనిపిస్తుంది. అంచు నుంచి వెన్ను (అంచుకు ఎదుటి మందమైన వైపు) దిశగా సాగే చార కనిపిస్తే ఆ కత్తితో గడ్డం గీసుకోవద్దు. శుభ్రం చేసి, పిడి కట్టి, ఇంట్లో జ్ఞాపకంగా ఉంచుకోవచ్చు. నల్ల మచ్చల గురించి అంతగా కంగారు పడనక్కరలేదు. ఎర్ర తుప్పు ఉక్కును ఇంకా తింటూ ఉంటుంది కానీ, గట్టిగా అంటుకుని రాలని నలుపు చాలావరకు అక్కడికి ఆగిపోయినదే. చూడవలసింది అంచును ఆనుకుని గుంటలు ఉన్నాయా అని. వెన్ను దగ్గర గుంటలు ఎన్ని ఉన్నా నష్టం లేదు. అంచులో గుంట ఉంటే మాత్రం నూరినప్పుడు అక్కడ రంపపు పన్నులాంటి నొక్కు పడి చర్మం కోసుకుంటుంది.

ఇప్పుడు పాత పిడిని విప్పాలి. చెక్కల మధ్య స్క్రూడ్రైవరు దూర్చి పెళ్లగించకండి. ముందుగా అంచు మీద మందమైన కాగితం మడిచి పెట్టి టేపు చుట్టండి. ఈ పని జరిగినన్ని రోజులూ ఆ టేపు ఉండాలి. చిన్న ఆకురాయితో మేకు తలను ఒక వైపు వాచరు మట్టం దాకా అరగదీసి, కింద చిల్లి ఉన్న చెక్కదిమ్మ ఆనించి, మేకు కంటే సన్నని మొన ఉన్న పంచితో మెల్లగా కొడితే మేకు దిగిపోతుంది. చీలిన చెక్కలు, వాచర్లు, రెండు చెక్కల నడుమ చివర ఉండే చిన్న చీల, ఇవన్నీ ఒక డబ్బాలో దాచండి. చీలిన పాత చెక్కే కొత్తదానికి కొలత ఇస్తుంది. పైగా మీ తాతగారి చేయి పట్టిన పిడి అది.

తుప్పు వదిలించడానికి మందులతో పని లేదు. చింతపండు, నిమ్మరసం, వెనిగర్ వంటి పులుపు తుప్పును కరిగిస్తుంది కానీ మంచి ఉక్కును కూడా తిని బూడిదరంగు మచ్చ మిగులుస్తుంది. అలుగుకు కుట్టుమిషను నూనె పట్టించి ఒక రాత్రి ఉంచండి. మరునాడు 600 నంబరు వాటర్ పేపరును నూనెలో తడిపి, చిన్న బిరడా ముక్కకు చుట్టి, వెన్ను నుంచి అంచు వైపు ఒకే దిశలో రుద్దండి. అలుగును బల్ల మీద చదునుగా ఆనించి పట్టుకోవాలి, గాలిలో పట్టుకుంటే పలుచని ఉక్కు విరుగుతుంది. తరువాత 1000, ఆ తరువాత 2000 నంబరు కాగితాలు, చివర ఇత్తడి సామాను తోమే బ్రాసో. ప్రతి మచ్చా పోయేదాకా రుద్దాలన్న పట్టుదల పెట్టుకోకండి. ఎర్ర తుప్పు పోయి, వేలు పెడితే నునుపుగా తగిలితే అక్కడ ఆపేయడమే ఉత్తమం.

ఒక్క చోట మాత్రం కాగితం అసలు తగలకూడదు. అది వెన్ను. క్షౌరకత్తిని నూరేటప్పుడు వెన్ను, అంచు రెండూ ఒకేసారి రాతి మీద ఆనుతాయి. అంచు ఎంత కోణంలో అరగాలో వెన్ను మందమే నిర్ణయిస్తుంది. 16 మిల్లీమీటర్ల వెడల్పు, 4.5 మిల్లీమీటర్ల వెన్ను ఉన్న అలుగుకు అంచు కోణం సుమారు 16 డిగ్రీలు వస్తుంది. మెరుపు కోసం వెన్నును రుద్ది సన్నబరిస్తే కోణం తగ్గి అంచు మరీ పలుచనై పొరలిపోతుంది. వెన్ను ఒక చోట ఎక్కువ, ఒక చోట తక్కువ అరిగితే అంచు రాయికి సమంగా ఆనదు.

ఇక కర్ర. ఈ ప్రశ్న మీరు అడిగినందుకు నిజంగా సంతోషించాను, ఎందుకంటే మన ప్రాంతంలో దొరికే కర్రల ముందు డబ్బు పోసి తెప్పించే విదేశీ కర్రలు ఎందుకూ పనికిరావు. ఒక్కో చెక్క పూర్తయ్యాక రెండున్నర, మూడు మిల్లీమీటర్ల మందమే ఉంటుంది. అంత పలుచగా కోసినా చీలకుండా, తేమకు వంకరపోకుండా, మేకు బిగువుకు తట్టుకోవాలి. అందుకు మాను నడిమి ముదురు భాగమైన చేవ కర్రే కావాలి, దాని చుట్టూ ఉండే తెల్లకర్ర పనికిరాదు. నా మొదటి ఎంపిక ఇరుగుడు, అంటే మీ వడ్రంగులు రోజ్‌వుడ్ అనేది. గట్టిది, బరువైనది, సహజంగానే కొంత జిడ్డు ఉన్నది, పలుచగా కోసినా నిలబడుతుంది. పైగా నల్లని చారల మధ్య ఊదారంగు ఛాయ పాత ఉక్కు పక్కన ఎంతో నిండుగా ఉంటుంది. దీని కోసం అడవి కర్ర వెతకవద్దు. అనుమతి పత్రాలు లేని కర్ర కొనడం చట్టరీత్యా చిక్కు. అంతకంటే ముఖ్యంగా అది పచ్చిది అయి ఉంటుంది. విరిగిన పాత కుర్చీ కాలో, పందిరి మంచం పట్టె ముక్కో దొరికితే చాలు. ఏళ్ల తరబడి ఇంట్లో ఆరిన ఆ కర్ర ఇక కదలదు.

రెండో ఎంపిక చింత చేవ. ముదురు చింతమాను నడుమ కొద్ది మేరకే ఉండే ఆ ముదురు గోధుమ చేవ రంపాన్ని మొరాయించేలా చేస్తుంది కానీ, అద్దంలా నునుపు తేలుతుంది. తునికి చేవ నల్లగా చాలా అందంగా ఉంటుంది. అయితే అది కొంచెం పెళుసు, మేకు కొట్టేటప్పుడు చీలే భయం ఉంది, కాబట్టి మొదటిసారి చేసేవారికి నేను చెప్పను. టేకు సులభంగా దొరుకుతుంది, వంకరపోదు. కానీ దాని ఈనెలు తెరుచుకుని ఉంటాయి, అంత పలుచని చెక్కలో అంచులు పెళ్లలు లేస్తాయి. నల్లతుమ్మ గట్టిదే. దాని బెరడులోని వగరు సారం తోలు ఊనడానికి వాడతారు, కర్రలోనూ అది కొంత ఉంటుంది. ఆ సారం తడిలో ఇనుముకు తగిలితే నల్లబడుతుంది, అందుచేత క్షౌరకత్తికి తుమ్మను తప్పించడం మంచిది. ఏటికొప్పాక బొమ్మలకు వాడే అంకుడు కర్ర చెక్కడానికి హాయిగా ఉంటుంది కానీ గోరు నొక్కితే గుంటపడుతుంది. ఏ కర్రనైనా కోసేటప్పుడు, రుద్దేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోండి. ఇరుగుడు పొట్టు కొందరికి చర్మం మీద దద్దుర్లు, తుమ్ములు తెస్తుంది.

ఈనెలు పిడి పొడవునా సాగేలా 150 మిల్లీమీటర్లకు తగ్గకుండా, 25 మిల్లీమీటర్ల వెడల్పు, నాలుగు మిల్లీమీటర్ల మందం ఉన్న రెండు పలకలు ఒకే ముక్క నుంచి కోయండి. పక్కపక్కన కోసిన రెండు పలకలను పుస్తకంలా తెరిచి పెట్టుకుంటే చారలు రెండు వైపులా సరిగ్గా కలుస్తాయి. పాత చెక్క ఆకారాన్ని అట్ట మీద గీసి, కత్తిరించి, ఆ అట్ట మీద అలుగును ఉంచి తెరిచి మూసి చూడండి. మూసినప్పుడు అంచు పూర్తిగా చెక్కల లోపలికి వెళ్లాలి. అలుగు మొన చివరి చీలకు తగలకుండా కనీసం ఐదు మిల్లీమీటర్ల ఎడం ఉండాలి. ఈ ఒక్క కొలత తప్పితే కత్తి మూసిన ప్రతిసారీ మొన చీలకు కొట్టుకుని నొక్కుపడుతుంది. అట్టతో ఒక గంట గడపడానికి వెనకాడకండి.

రెండు పలకలను డబుల్ టేపుతో ఒకదాని మీద ఒకటి అంటించి, కలిపే కోసి, కలిపే చిల్లులు వేస్తే రెండూ అచ్చుగుద్దినట్టు వస్తాయి. చిల్లి నిటారుగా ఉండాలి. చేతి బరమాతో అది కష్టం, డ్రిల్లు స్టాండు ఉన్నవారి దగ్గరకు వెళ్లి వేయించుకోండి. మేకుకు 16 గేజీ ఇత్తడి తీగ సరిపోతుంది, దాని మందం సుమారు 1.6 మిల్లీమీటర్లు. చిల్లి పరిమాణం ముందు పారేసే ముక్క మీద చూసుకోండి. తీగ వేలితో తోస్తే దూరాలి, వదిలితే జారిపోకూడదు. తోకకు ఉన్న పాత చిల్లి అంతకంటే పెద్దదయితే దానికి తగిన మందపు తీగ తెచ్చుకోవాలి గాని, ఉక్కుకు చిల్లి వేసే ప్రయత్నం చేయవద్దు.

చివర ఉండే చీల చిన్నదే కానీ పిడి బిగువంతా దాని మీదే ఉంది. దానిని ఇత్తడితో చేయవచ్చు, కొమ్ముతో చేయవచ్చు, అదే కర్రతోనూ చేయవచ్చు. తోక మందం కంటే కొంచెం తక్కువగా, పిడి చివర వైపు పలుచగా, అలుగు వైపు కాస్త మందంగా వాలు ఉండేలా రుద్దాలి. అప్పుడు చెక్కలు నడుమ కొద్దిగా వెలుపలికి వంగి, అలుగుకు చోటు ఇస్తూనే తోకను రెండు వైపుల నుంచి అదిమి పడతాయి. చీల ఒక వైపు వాలిందంటే అలుగు నడిమికి రాకుండా ఒక చెక్కకు ఒరుసుకుంటుంది. శాశ్వతంగా బిగించే ముందు సన్నని బోల్టులు, నట్లతో తాత్కాలికంగా కూర్చి చూసుకుంటే ఈ లోపాలన్నీ అక్కడే తెలిసిపోతాయి.

మేకు కొట్టిన తరువాత చెక్కల లోపలి ముఖానికి చేయి అందదు. తడి చేరేది అక్కడికే. కాబట్టి లోపలి ముఖం, చిల్లుల గోడలు, అంచులు అన్నీ బిగించక ముందే నూనె పట్టి ఆరాలి. 220, 400, 600 నంబర్ల ఉప్పుకాగితంతో నునుపు చేసి, వడ్రంగులు వాడే మరిగించిన అవిసె నూనెను గుడ్డతో పల్చగా రుద్ది, పావుగంట తరువాత మిగిలినది తుడిచేసి, ఒక్కో పూతకు ఒక రోజు ఆరనివ్వండి. ఐదారు పూతలు కావాలి. వానాకాలంలో ఇంకా ఎక్కువ రోజులు పడుతుంది. కొబ్బరి నూనె, నువ్వుల నూనె ఎన్నాళ్లయినా గట్టిపడవు, జిడ్డుగానే ఉండిపోతాయి. లక్కతో చేసే ఫ్రెంచి పాలిషు మెరుస్తుంది కానీ వేడినీళ్లు పడితే తెల్లగా పాలిపోతుంది. ఒక హెచ్చరిక: అవిసె నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూలన పడేయకండి. ఆ నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ముద్దగా ఉన్న గుడ్డలు వాటంతట అవే అంటుకుంటాయి. విడదీసి ఆరుబయట ఆరవేసి ఆ తరువాతే పారేయండి.

మేకు బిగించడం కంసాలి పని. ఇత్తడి తీగను వాచరు పైకి మేకు మందమంత, అంటే ఒకటిన్నర మిల్లీమీటరు మాత్రమే మిగిలేలా కత్తిరించి, చివరను ఆకురాయితో చదును చేసి, గుండ్రని ముఖం ఉన్న చిన్న సుత్తితో కొట్టాలి. కొట్టడం అంటే బలంగా కాదు. మేకు నడిమి మీద కాకుండా అంచు చుట్టూ, వినీవినబడనంత మెల్లగా, రెండు వైపులా మార్చి మార్చి కొడుతూ పోతే తల పుట్టగొడుగులా విచ్చుకుంటుంది. నాలుగైదు దెబ్బలకొకసారి ఆపి అలుగును తెరిచి మూసి చూడండి. ముందు చివరి చీల దగ్గరి మేకు, ఆ తరువాత తోక మేకు. కత్తి తన బరువుకు తానే తెరుచుకోకూడదు, తెరవడానికి బలమూ పెట్టనక్కరలేదు. అక్కడికి రాగానే సుత్తి కింద పెట్టేయండి. ఎక్కువ బిగిస్తే చెక్క చీలుతుంది, తక్కువ బిగిస్తే తరువాత ఇంకో రెండు దెబ్బలు వేసుకోవచ్చు. మీ వీధిలో పాతకాలపు కంసాలి ఎవరైనా ఉంటే ఆయన పట్టెడ మీద, ఆయన సుత్తితో ఈ ఒక్క పని చేయించుకున్నా తప్పులేదు.

పదును గురించి క్లుప్తంగా: 1000 నంబరు నీటిరాయి మీద అంచు మొత్తం ఒకే తీరుగా తేలాక 3000, 8000, చివర 12000. వెన్ను, అంచు రెండూ రాతికి ఆని ఉండాలి, అంచు ముందుండేలా నడపాలి, చేయి బరువు వేయకూడదు. ఆ తరువాత తోలు పట్టా మీద వెన్ను ముందుండేలా ఇరవై ముప్పై సార్లు. మీ నాన్నగారికి తాతగారి పక్కన కూర్చుని తోలు పట్టిన రోజులు గుర్తుంటే ఈ చివరి పని ఆయన చేతికే ఇవ్వండి. మణికట్టు తిప్పే ఒడుపు రాసి చెబితే వచ్చేది కాదు.

ప్రశ్న (బరంపురం నుంచి ఒక పాఠకురాలు): మా మామగారి కత్తికి పసుపు ఛాయ ఉన్న తెల్లటి పిడి ఉంది. దంతం పిడి అని మా అత్తగారు అంటారు. కత్తిని ఎంత తుడిచి పెట్టినా నెల తిరిగేసరికి మళ్లీ తుప్పు పడుతోంది. పెట్టె తెరిస్తే కర్పూరంలాంటి ఘాటు వాసన వస్తోంది. కర్రపిడికి మార్చవచ్చునా? పాత పిడిని ఏం చేయాలి?

జవాబు: ఆ వాసనే చెబుతోంది, అది దంతం కాదు, సెల్యులాయిడ్. నైట్రిక్ ఆమ్లంతో మార్చిన దూది పదార్థానికి కర్పూరం కలిపి దీనిని తయారుచేసేవారు. 19వ శతాబ్దపు చివర నుంచి దంతానికి బదులుగా దువ్వెనలకు, పిడులకు విరివిగా వాడారు. ఏళ్లు గడిచేకొద్దీ ఇది తనలో తానే విరిగి, నైట్రిక్ ఆమ్లపు ఆవిరిని వదులుతుంది. మూసిన కత్తి అంచు సరిగ్గా ఆ రెండు చెక్కల నడుమ ఉంటుంది కాబట్టి మీరు ఎంత తుడిచినా లాభం లేదు. ఈ తుప్పుకు బరంపురం సముద్రపు గాలి కంటే పిడే ఎక్కువ కారణం. వెంటనే విప్పి, అలుగును నూనెతో తుడిచి వేరే చోట పెట్టండి. కర్రపిడి గురించి పైన రాసినదంతా మీకూ వర్తిస్తుంది.

నిర్ధారించుకోవాలంటే పిడి చివర కోసిన ముఖాన్ని భూతద్దంతో చూడండి. ఏనుగు దంతంలో ఒకదానినొకటి ఖండించుకునే వంపుగీతలు వలలా కనిపిస్తాయి. దంతాన్ని అనుకరించిన సెల్యులాయిడ్‌లో సమాంతరంగా సాగే తిన్నని చారలు ఉంటాయి. కాల్చిన సూది గుచ్చి చూడమని ఎవరైనా చెబితే వినకండి, సెల్యులాయిడ్ భగ్గున అంటుకుంటుంది. అదే కారణంగా విప్పిన చెక్కలను పూజగదిలోనూ, వంటింటిలోనూ, ఇతర కత్తుల పక్కనా ఉంచవద్దు, కాల్చి పారేయనూ వద్దు. ఒకవేళ నిజంగానే దంతమని తేలితే కోయించకండి, అమ్మజూపకండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 1986లో చేసిన సవరణతో భారతీయ ఏనుగు దంతం వ్యాపారం నిషిద్ధమయింది. ఇంట్లో వారసత్వంగా వచ్చినదాని విషయం అటవీశాఖ కార్యాలయంలో అడిగి తెలుసుకోవడమే క్షేమం.

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి ఒక పాఠకుడు): మా ఊరు కొమ్ము పనికి పేరున్న ఊరు. పాత కత్తి పిడిని పురుగు తిని చిల్లులు పెట్టింది. కొమ్ముతోనే మళ్లీ చేయించడం మేలా, కర్రకు మారడం మేలా?

జవాబు: మీరు పర్లాకిమిడిలో ఉన్నారు కనుక కొమ్ముతోనే చేయించండి. 19వ శతాబ్దపు షెఫీల్డ్ కత్తులకు ఎక్కువగా ఉన్నది నల్లకొమ్ము పిడే. వేడి చేసి మెత్తబరచిన కొమ్మును అచ్చులో వత్తి ఆ చెక్కలు చేసేవారు. దువ్వెనలు, కొంగలు, చేపలు చేసే మీ ఊరి పనివారికి కొమ్మును వేడితో చదును చేయడం కొత్త విద్య కాదు. మూడు మిల్లీమీటర్ల మందం, పొరలు లేని ముక్క, పిడి పొడవునా సాగే చార కావాలని చెప్పి, పాత చెక్కను నమూనాగా ఇవ్వండి. తీసుకురాగానే మేకులు కొట్టకండి. వేడిచేసి చదును చేసిన కొమ్ము కొన్ని వారాల పాటు మళ్లీ తన వంపుకు తిరగడానికి చూస్తుంది, రెండు చదునైన పలకల మధ్య బిగించి ఉంచి ఆ తరువాతే చిల్లులు వేయండి.

పురుగు విషయంలో మీ అనుమానం న్యాయమైనదే. కొమ్ములో ఉన్నది మన గోళ్లలో, వెంట్రుకలలో ఉండే కెరటిన్. ఉన్నిబట్టలను తినే పురుగులే దీనినీ తింటాయి. చీకటిలో, ఉన్నిగుడ్డలో చుట్టి, కదపకుండా ఉంచిన కత్తికే ఆ తెగులు ఎక్కువ. వాడుతూ, నెలకొకసారి పల్చగా కొబ్బరి నూనె రాసి తుడుస్తూ ఉంటే కొమ్ము ఎండి పొరలుగా విడిపోదు, పురుగూ చేరదు. కర్రకు వద్దన్న కొబ్బరి నూనె కొమ్ముకు చక్కగా సరిపోతుంది. తిన్న చిల్లులు పైపైన మాత్రమే ఉండి మేకుల దగ్గర చెక్క గట్టిగా ఉంటే, కొత్తది చేయించకుండా కొమ్ము పొడిని ఆరాల్డైట్‌లో కలిపి పూడ్చి, అరగదీసి, పాత పిడినే నిలుపుకోవడం నాకు ఇంకా నచ్చిన మార్గం.

ప్రశ్న (జయపురం నుంచి సెలూను నడిపే పాఠకుడు): మా తండ్రిగారి నాటి కత్తులు రెండు బాగు చేయించాను. ఇరుగుడు పిడులు చాలా బాగా కుదిరాయి. పాత గిరాకీలు వాటితోనే గీయమని అడుగుతున్నారు. షాపులో వాడవచ్చునా?

జవాబు: వాడవద్దు. అడిగినవారు మీ తండ్రిగారి మీద అభిమానంతో అడుగుతున్నారని తెలుసు, అయినా వద్దనే చెబుతాను. కంటికి కనిపించని గాటు నుంచి కూడా హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, హెచ్ఐవి ఒకరి నుంచి ఒకరికి సోకగలవు. ఉక్కును మరిగించి శుద్ధి చేయవచ్చునేమో గాని, చెక్కల నడుమ, మేకు చుట్టూ చేరిన తడిని తీయలేరు. కర్రపిడిని మరిగిస్తే వంకరపోతుంది, స్పిరిటులో ముంచితే పూత లేచిపోతుంది. ప్రతి గిరాకీకి కొత్త సగం బ్లేడు వేసే మడత రేజరే షాపుకు తగినది. ఇష్టమైతే దాని పిడిని కూడా మీ ఇరుగుడుతో చేయించుకోవచ్చు.

ఆ రెండు కత్తులలో ఒకటి మీ సొంత గడ్డానికి ఉంచుకోండి, ఇంట్లో కూడా ఇంకొకరికి ఇవ్వకండి. గీసుకున్నాక నీళ్లను అలుగు మీదే పోయండి, పిడిలోకి పోనివ్వకండి. మెత్తని గుడ్డతో వెన్ను నుంచి అంచు వైపు తుడిచి, మడత దగ్గర గుడ్డ కొనను దూర్చి తడి తీసి, కొన్ని గంటలు తెరిచే ఉంచి అప్పుడు మూయండి. కొరాపుట్ కొండలలో వానలు పట్టిన నెలల్లో కత్తిని తోలు సంచిలో పెట్టవద్దు, తోలు తేమను పట్టి ఉంచుతుంది. కుట్టుమిషను నూనె ఒక చుక్క అలుగు రెండు వైపులా రాసి, ఒక చుక్క మేకు దగ్గర వేసి, గాలి ఆడే చెక్కపెట్టెలో ఉంచితే చాలు.